గంగులప్ప కొలిచిన పిజ్జా

ఆ శనివారం గంగులప్ప చేయవలసిన పనులు ఎనిమిది. ట్యూషన్ పిల్లల లెక్కల పుస్తకంలోంచి చించిన కాగితం మీద, కూతురు నందిత వాటిని వరసగా అంకెలు వేసి రాసిపెట్టింది.

1. టేపు తీసుకోవాలి. (అమ్మ ఉతికి దండెం మీద ఆరేసింది.)
2. తొమ్మిది గంటల తిరుపతి బస్సు ఎక్కాలి.
3. దేవకమ్మ గారికి నూలు రంగుల మాదిరి కార్డు తేవాలి.
4. అమ్మ మోకాళ్లకు నూనె.
5. మూడు గంటలకు టోనీ టవర్‌లో పెద్ద పిజ్జాలు మూడు. పెట్టె మీద టవర్ బొమ్మ ఉండాలి.
6. నాలుగు గంటల బస్సుకు తిరిగి రావాలి.
7. బస్సులో పెట్టెలు నిలువుగా పట్టుకోకూడదు.
8. కొలతల గురించి ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు.

ఎనిమిదో దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

అన్నిటిలోకీ ముఖ్యమైనది మాత్రం ఐదోది. నందిత ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నగరిలో మగ్గాల వీధి పిల్లలకు, పదో తరగతి వాళ్లకు, లెక్కలు చెబుతుంది. మొత్తం పదకొండు మంది. అందరూ పాసైతే టీవీలో చూపించే టోనీ టవర్ పిజ్జా తినిపిస్తానని జనవరిలో మాట ఇచ్చింది. కోమలి అనే అమ్మాయికి అర్ధసంవత్సరం పరీక్షలో నూటికి పదకొండు మార్కులు వచ్చాయి కాబట్టి ఆ మాట వల్ల ఇబ్బందేమీ రాదని అప్పుడు అందరూ అనుకున్నారు. ఫలితాలు వచ్చాయి. కోమలికి నలభై ఒకటి. పదకొండు మందీ పాస్.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు విందు అని తేల్చారు. సరిగ్గా ఆ రోజే ఉద్యోగం సర్టిఫికెట్ల పరిశీలనకు చిత్తూరు రమ్మని నందితకు కబురు వచ్చింది. తాను దాచుకున్న ట్యూషన్ డబ్బు పద్దెనిమిది వందలు తండ్రి చేతిలో పెట్టింది.

"నాయనా, ఆడ పెద్దది ఐదొందల తొంభై తొమ్మిది. మూడు తీసుకుంటే ఇంకా మూడు రూపాయలు మిగులుతాది. ఆరుకల్లా పిల్లోళ్లు వచ్చి కూర్చోనుంటారు. నా మాట పోనీకు."

"నీ మాట పోదులేమ్మా" అన్నాడు గంగులప్ప, దండెం మీది టేపు తీసి మెడలో వేసుకుంటూ.

ఆ టేపు గురించి కొంచెం చెప్పాలి. గంగులప్ప దేవకమ్మ పవర్‌లూమ్ షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా గుడ్డ పరిశీలించే పని చేస్తున్నాడు. మగ్గం దిగిన గుడ్డను విప్పి, అంచుకు అంచు కలిపి మడిచి, ఆ గుడ్డ టేపు పెట్టి కొలుస్తాడు. కొలత ఉంటే ఊదా సిరాతో 'సరి' అని ముద్ర. లేకపోతే 'కోత' అని ముద్ర. నేసినవాడి కూలిలో ఆ మేరకు కోత. నేతగాళ్లు తిట్టుకునేవారే గాని అన్యాయం అని ఎవరూ అనలేదు. ఎందుకంటే నేతగాడి ఇంట్లో అతను కాఫీ కూడా ముట్టడు. "ఎదుటోని కాఫీ కడుపులో పడితే చేతిలో టేపు వంగుతుంది" అనేవాడు. దేవకమ్మ షెడ్డు లుంగీ ఎప్పుడూ నాలుగు వేళ్లు పెద్దదిగానే ఉంటుందని బజారులో మంచి పేరు. ఆ పేరు టేపుదేనని అందరికీ తెలుసు. అందుకే అతని భార్య వరదమ్మ కూడా ఆ టేపును దేవుడి పటంలా చూసుకునేది. ప్రతి శుక్రవారం ఉతికి, ముడతలు పడకుండా కొసకు తాళంకప్ప వేలాడదీసి మరీ ఆరేసేది.

మొదటి నాలుగు పనులూ ముగించుకుని గంగులప్ప రెండు గంటలకే టోనీ టవర్ చేరాడు. లోపల చలిగా ఉంది. తలుపు తీయగానే కౌంటరులో ఉన్న అమ్మాయి ఇంగ్లీషులో గట్టిగా స్వాగతం చెప్పింది. తన వెనక ఎవరొస్తున్నారా అని గంగులప్ప తిరిగి చూశాడు. ఎవరూ లేరు. గోడ మీది పలకలో 'పెద్దది, 12 అంగుళాలు, రూ. 599' అని రాసి ఉంది.

"పాపా, పెద్దవి మూడు కావాల."

"పద్దెనిమిది వందల ఎనభై ఏడు సార్."

"ఐదొందల తొంభై తొమ్మిది మూడు తూర్లు ఎంతమ్మా?"

"పన్ను వేరే సార్."

"పలక మీద లేదే?"

"కింద ఉండాది సూడండి సార్. స్టార్ గుర్తు."

గంగులప్ప వంగి చూశాడు. ఉంది. చీమంత ఉంది. నందిత మాట అప్పుడే ఎనభై ఏడు రూపాయల దూరంలోకి వెళ్లిపోయింది. ఆ ఎనభై ఏడూ తన జేబులోంచి వేసుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు. అయితే సరుకు చూడకుండా ధర పెంచడం అతని వృత్తిలో లేదు.

"ముందు మాదిరికి ఒకటి ఇయ్యి పాపా. అది సరిపోతే తక్కిన రెండూ తీసుకుంటా. కోయొద్దు. తానుగానే ఇయ్యి."

తాను అంటే కోయని గుడ్డ అని ఆ అమ్మాయికి తెలియదు. కోయొద్దన్న మాట మాత్రం అర్థమైంది. పన్నుతో ఆరు వందల ఇరవై తొమ్మిది రూపాయలు తీసుకుని, పావుగంటలో పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

గంగులప్ప చేతులు కడుక్కొచ్చాడు. మెడలోంచి టేపు తీశాడు. అడ్డంగా పెడితే పదకొండున్నర. పెట్టెను తిప్పి నిలువుగా పెడితే పదకొండున్నర. గుడ్డ అయితే తరువాత ఏం చేస్తాడో పిజ్జాకూ అదే చేశాడు: రెండు చేతులతో అవతలి అంచు ఎత్తి, ఇవతలి అంచు మీదికి మడిచాడు. పడుగు పోగులన్నీ ఒకేసారి తెగినట్టు చీజు సాగి బల్ల మీదికి దిగింది. పక్క బల్ల దగ్గర తింటున్న కాలేజీ పిల్లలు తినడం ఆపి ఫోన్లు ఎత్తారు.

"అంచుకు అంచు కలిసింది" అన్నాడు గంగులప్ప తనలో తానే. "గుండ్రం బాగుండాది. కొలతే తక్కువ."

సంచిలోంచి చిట్టా తీసి రాసుకున్నాడు. ముద్ర తీసి, సిరా అద్ది, పెట్టె మూత మీద గట్టిగా వేశాడు. 'పరిశీలించినది. కోత.'

ఆ ముద్ర చప్పుడుకు లోపలినుంచి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. అతని పేరు రామచంద్ర. ఇరవై ఏడేళ్లు, ఉద్యోగంలో మూడు నెలలు. అతను చూసింది ఇది: మెడలో టేపు, చేతిలో చిట్టా, మూత మీద ఊదా ముద్ర. తూనికలు, కొలతల ఆఫీసు తనిఖీ! ఎవరు మీరు అని అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ తనిఖీకి వచ్చినవారిని ప్రశ్నలతో చికాకు పెట్టరాదని కంపెనీ శిక్షణ పుస్తకం మూడో పేజీలోనే ఉంది.

"సార్, ఏమన్నా ఇబ్బందా సార్?"

"అరంగుళం తక్కువ."

"ఓవెన్‌లో రవ్వంత ముడుసుకుంటుంది సార్."

"ముడుసుకుంటుందని నీకు ముందే తెలుసు కదప్పా? మేము నీళ్లలో పడితే గుడ్డ ఎంత కుంచుకుంటుందో లెక్కేసి, అంత జాస్తి నేస్తాం. నువ్వు లెక్కేసినావా?"

"లేదు సార్."

"పన్నెండని ఎవరు రాసినారు?"

"కంపెనీ సార్."

"కంపెనీ ఈడికొచ్చి కొలిసిందా?"

"లేదు సార్."

"నువ్వు కొలిసినావా?"

స్వాగతం ఎలా చెప్పాలో రామచంద్రకు నాలుగు రోజులు నేర్పారు. కొలవడం ఎవరూ నేర్పలేదు. ఇంకొకటి చేయించి తెచ్చాడు. పదకొండున్నర. మూడోది తెచ్చాడు. అదీ పదకొండున్నరే. ఇక లోపలికి వెళ్లి బెంగళూరులోని పైఅధికారికి ఫోన్ చేశాడు. ఏమడిగినా ఇవ్వు, కాగితం మాత్రం ఏదీ ఇవ్వకు అని అక్కడినుంచి జవాబు వచ్చింది.

"సార్, పెద్దవి ఆరు తీసుకుపోండి సార్. డబ్బులొద్దు. ఈ ముద్రేసిన పెట్టె మాత్రం ఈడ వదిలేయండి."

గంగులప్ప ముఖం ఎర్రబడింది. "ఊరికే తీసుకునేదానికి నేను వచ్చినానా? నీ సరుకు తిని, నీ సరుకు ఎట్ట కొలిసేది? అరంగుళానికి కోత వేసుకో. ఇరవై ఐదు తగ్గించు. మూడూ తీసుకుంటా, పన్ను కూడా కడతా."

"అట్ట కుదరదు సార్. ధర కంప్యూటర్లో ఉండాది."

"ఊరికే ఇచ్చేది కుదురుతుందా?"

"కుదురుతుంది సార్. ఊరికే ఇయ్యగలం. తక్కువకు ఇయ్యలేం."

గంగులప్ప, మగ్గం మీది పదిహేనేళ్లతో కలిపి, ముప్పై నాలుగేళ్లు గుడ్డల మధ్య బతికాడు గాని ఇలాంటి వ్యాపారం చూడలేదు. సరుకు వెనక్కిచ్చాడు, తన ఆరు వందల ఇరవై తొమ్మిదీ వెనక్కి తీసుకున్నాడు, లేచాడు. లోపల రామచంద్ర మళ్లీ ఫోన్ పట్టుకున్నాడు.

"సార్, ఏమీ తీసుకోలేదు సార్."

బెంగళూరు పైఅధికారి గొంతు తగ్గించాడు. "తీసుకోలేదా? అయితే నిజంగా పెద్ద ఆఫీసరే. వివరణ రాసి పెట్టుకో."

ఈలోగా కాలేజీ పిల్లల వీడియో వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. 'పిజ్జానే కొలుస్తున్నాడు' అన్న మాట విన్నాక తక్కినవాళ్లకు గుండె నిలవలేదు. మిఠాయి అంగడి షట్టరు దిగింది. పెయింటు అంగడి దిగింది. వర్తకుల సంఘం అధ్యక్షుడు చంద్రమౌళికి అదే వీధిలో బట్టల అంగడి ఉంది, అతనిదీ దిగింది. మూడుంబావుకు గంగులప్ప బయటికొచ్చేసరికి పట్టపగలు కర్ఫ్యూలా ఉంది. ఎండకు మూశారేమో అనుకున్నాడు పాపం.

నాలుగు గంటల బస్సు పోతే తరువాతది ఐదున్నరకు. అంటే నగరి చేరేసరికి ఏడు దాటుతుంది. పదకొండు మంది పిల్లలు ఖాళీ పళ్లాలు పెట్టుకుని కూర్చున్నట్టు అతని కళ్లకు కట్టింది. వీధి మలుపులో పూలమ్ముకునే గురవమ్మ ఒక్కతే కనిపించింది.

"అమ్మా, పిజ్జా ఇంకెక్కడన్నా దొరుకుతుందా?"

గురవమ్మ పూలబుట్ట మీద కొంగు కప్పింది. "నావి మూర పూలు సామీ. ఇంచుల లెక్క కాదు. ఆ సందులో కృపామణి అంగడి ఉండాది. ఆయమ్మను కొలుసుకో పో."

కృపామణి అంగడి తెరిచే ఉంది. ధైర్యం వల్ల కాదు, ఓవెన్‌లో పిజ్జాలు ఉండడం వల్ల. రేణిగుంట బేకరీలో పన్నెండేళ్లు పనిచేసి, దాచుకున్న డబ్బుతో రెండేళ్ల కిందట పెట్టిన అంగడి అది. పలక మీద అంగుళాలు లేవు, స్టార్ గుర్తులూ లేవు. 'చిన్నది 160. పెద్దది 300.' అంతే.

"రండి సార్" అంది చేతికున్న పిండి తుడుచుకుంటూ. "మీరొస్తా ఉండారని అందరూ మూసేసినారు. కాలుతా ఉండేవాటిని వదిలేసి నేనెట్ట మూసేది? కొలుసుకోండి. తక్కువుంటే నాకు చెప్పండి, బోర్డు దించేస్తా."

గంగులప్పకు ఆ మాటలు సరిగా అర్థం కాలేదు. కొలుసుకోమన్నది మాత్రం అర్థమైంది. టేపు పెట్టాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని పెట్టాడు.

"పదమూడు."

"తప్పా సార్?"

"అందరూ పన్నెండమ్ముతా ఉంటే నువ్వు పదమూడెందుకు ఇస్తా ఉండావమ్మా?"

"నాకు ఇంచులు తెలీదు సార్. మా అత్త అన్నం పళ్లెం ఒకటి ఉండాది. పిండి దాని నిండా పరుస్తా."

"జాస్తి కూడా తప్పే" అన్నాడు గంగులప్ప కఠినంగా. "ఎవురి నూలో ఊరికే పోతున్నట్టు లెక్క. పన్నెండుకు మూడొందలంటే ఇంచుకు ఇరవై ఐదు. నేను మూడొందల ఇరవై ఐదు లెక్కన ఇస్తా."

"వద్దు సార్! మూడొందలే. రేటు పెంచిందని కేసు రాస్తారు."

"ఇరవై ఐదు తీసుకోకపోతే 'కోత' ముద్ర వేస్తా."

కృపామణి దండం పెట్టి ఒప్పుకుంది. గంగులప్ప లెక్క వేశాడు. టోనీ టవర్‌లో మూడింటికి చాలని పద్దెనిమిది వందలకు ఇక్కడ ఐదు వస్తున్నాయి. పైగా నూట డెబ్బై ఐదు మిగులు. "ఐదు కట్టమ్మా. నాలుగు గంటల బస్సు ఉండాది" అన్నాడు. ఆమె ఐదింటినీ బొమ్మ లేని తెల్ల పెట్టెల్లో సర్దింది. ప్రతి మూత మీదా 'సరి' అని ముద్ర వేశాడు. ఆమె బతిమాలితే ఇంకో ఖాళీ మూత మీద కూడా వేసి ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే సందులోకి జనం వచ్చారు. ముందు చంద్రమౌళి, అతని పక్కన ఎస్సై పంకజాక్షి, వెనక మిఠాయి అంగడి, పెయింటు అంగడి, అన్నిటికీ వెనక రామచంద్ర. చంద్రమౌళి కొలతల ఆఫీసులో తెలిసినతనికి ఫోన్ చేసి విచారించాడు. ఈ రోజు మావాళ్లెవరూ ఆ వీధికి రాలేదని అతను చెప్పాడు. భయం ఒక్క నిమిషంలో కోపంగా మారింది.

"ఇతనే మేడమ్! దొంగ ఆఫీసరు! వీధంతా మూయించినాడు!"

పంకజాక్షి గంగులప్పను తలనుంచి కాళ్లదాకా చూసింది. "ఎవరప్పా నువ్వు?"

"గంగులప్ప. నగరిలో దేవకమ్మ షెడ్డులో గుడ్డ కొలిసే పని."

"ఆఫీసరునని చెప్పినావా?"

"ఎవురూ అడగలేదే మేడమ్."

ఆమె రామచంద్ర వైపు తిరిగింది. "నిన్ను ఎంత అడిగినాడు?"

"ఏమీ అడగలేదు మేడమ్. ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు."

"మరి ఏం చేసినాడు?"

"కొలిసినాడు మేడమ్."

"కొలిసేదానికి ఏ సెక్షన్ పెట్టమంటావు చంద్రమౌళీ?"

చంద్రమౌళి తడుముకున్నాడు. "అది కాదు మేడమ్. అతని టేపు ఎవురికి తెలుసు? తప్పు టేపు పెట్టి మంచి కంపెనీ పరువు తీసినాడు. ఈరోజు పిజ్జా, రేపు మన సరుకు!"

గడియారం మూడూ నలభై చూపిస్తోంది. గంగులప్పకు మొదటిసారి చెమట పట్టింది. జైలుకు కాదు, బస్సుకు.

"నా టేపు తప్పంటే ఒప్పుకుంటా" అన్నాడు. "టేపు తప్పని టేపును చూస్తే తెలీదు కదా. ఇంకో కొలత పక్కన పెట్టాల. ఎవురి తావైనా ఉంటే తెండి. బిన్నా తెండి, నాకు బస్సుండాది."

"న్యాయమే" అంది పంకజాక్షి. "చంద్రమౌళీ, నీది బట్టల అంగడి కదా. మీటరు కడ్డీ తీసుకురా."

చంద్రమౌళి ఆకాశం వైపు చూశాడు. "అది... రిపేరుకు పోయింది మేడమ్."

"ఇనుప కడ్డీ రిపేరుకా?"

ఎవరూ నవ్వలేదు. పెయింటు అంగడి అతను అడగకముందే అన్నాడు: "మాది డబ్బాల లెక్క మేడమ్." మిఠాయి అంగడి అతను అందుకున్నాడు: "మాది తూకం. తూకం మాట ఇప్పుడెందుకులే మేడమ్." జనం వెనక నిలబడ్డ గురవమ్మ తనను కూడా అడుగుతారనుకుని ముందే చెప్పేసింది: "నా కొలత నా చెయ్యే తల్లీ. పొద్దున మూర, సందకాడ మూర ఒకటిగా ఉండదు." రామచంద్రను అడిగితే, తమ పళ్లెం పన్నెండని కంపెనీ చెప్పిందే గాని తాను చూడలేదని, చూసే ధైర్యం ఇప్పుడు లేదని ఒప్పుకున్నాడు. కృపామణి తన అత్త పళ్లెం తెచ్చి నిలబడింది. పాపం, దాని మీద అంకెలు లేవు.

అంత పెద్ద బజారులో, అన్ని అంగళ్లలో, బయటికి తీయదగిన కొలబద్ద ఒక్కటి లేకపోయింది.

"అయితే ఉన్నవాటిలో ఇతని టేపే సరైనది" అని తేల్చేసింది పంకజాక్షి.

చంద్రమౌళి కూడా చల్లబడ్డాడు. "దేవకమ్మ షెడ్డు అన్నావు కదా? ఆ లుంగీలు నేనే అమ్మేది. నాలుగు వేళ్లు జాస్తి ఉంటాయి. అంత నిజాయితీ టేపును అనుమానించకూడదులే అన్నా" అని భుజం తట్టాడు. కేసు పెడితే కొలబద్దలు స్టేషనుకు తేవాల్సి వస్తుందని గుర్తొచ్చి, అతను అంతకన్నా పెద్ద మాటలు కూడా అన్నాడు.

ఎస్సై జీపులో గంగులప్ప బస్టాండు చేరాడు. బస్సు కదులుతుండగా ఎక్కాడు. పుత్తూరు దాటేదాకా నిలబడే, ఐదు పెట్టెలూ అరచేతుల మీద అడ్డంగా మోశాడు. ఏడో పని తప్పలేదు. ఎనిమిదోది తప్పింది.

ఆరు గంటలకు ఇంటి ముందు పదకొండు మందీ బారుగా కూర్చుని ఉన్నారు. చిత్తూరు నుంచి వచ్చిన నందిత గడపలో నిలబడి ఉంది. పెట్టెలు దించగానే మొదట మాట్లాడింది కోమలి.

"టవర్ బొమ్మ యాడ తాతా?"

పదకొండు ముఖాలూ వాడిపోయాయి. నందిత తండ్రి వైపు చూసింది. గంగులప్ప చాప మీద కూర్చుని జరిగినదంతా చెప్పాడు. అరంగుళం దొంగతనం ఎలా పట్టుకున్నాడో, వీధి ఎలా మూతపడిందో, పోలీసమ్మే తన టేపును ఎలా ఒప్పుకుందో చెప్పాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. కోమలి మాత్రం పుస్తకాల సంచి తెరిచింది. ఈ ఏడాదే లెక్కలు వచ్చాయి కాబట్టి ఆ పిల్లకు దేన్నైనా కొలిచి చూడాలనే ఉత్సాహం ఇంకా తీరలేదు. తన స్కేలును టేపు పక్కన పెట్టింది. కళ్లు చికిలించింది. ఇంకో పిల్ల స్కేలు అడిగి తీసుకుని అదీ పెట్టింది.

"తాతా, స్కేలు పన్నెండుకు వచ్చేతలికి నీ టేపు పదకొండున్నరే సూపిస్తా ఉండాది."

"స్కేలు తప్పేమో సూడు పాపా."

పదకొండు స్కేళ్లూ పెట్టి చూశారు. అన్నీ ఒకే మాట చెప్పాయి.

గంగులప్ప టేపు తిరగేసి తానే పెట్టి చూశాడు. ఇంట్లోంచి వరదమ్మ నీళ్ల చెంబుతో వస్తూ అంది: "సాగిందేమో. సాగకుండా ఎట్టుంటుంది? పంతొమ్మిదేళ్లుగా వారం వారం తడిపి, తాళంకప్ప వేలాడదీస్తా ఉండా. నాకైనా నడుము సాగిపోయింది."

అంటే టోనీ టవర్ పిజ్జా సరిగ్గా పన్నెండే. కృపామణిది పదమూడున్నర. ఆ వీధిలో ఏ ఒక్కరి చేతిలో నిజమైన కొలబద్ద ఉన్నా గంగులప్ప ఆ మధ్యాహ్నమే దోషి అయ్యేవాడు.

"ముందు తినండమ్మా, సల్లారిపోతాది" అంది నందిత. ఒక్కొక్కరికి మూడేసి ముక్కలు వచ్చాయి. రెండో ముక్కకు టవర్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నందిత మాట నిలబడింది. ఆ చాప మీద తినలేకపోయింది గంగులప్ప ఒక్కడే.

సోమవారం షెడ్డులో మగ్గాలు ఆపించి, దేవకమ్మ ముందు, నేతగాళ్లందరి ముందు చెప్పేశాడు. "టేపు సాగింది. మీరు సరిగా నేసిన గుడ్డకు నేను కోత పెట్టినా. ఎన్నేళ్ల నుంచో నాకే తెలీదు. నన్నేమి చేస్తారో మీ ఇష్టం."

అందరికంటే ఎక్కువ కోతలు పడింది మురుగేష్‌కు. అతను లేచి వచ్చి గంగులప్ప చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇన్నేళ్లుగా నా పెండ్లాం నన్ను కొలత తెలీని నేతగాడంటా ఉండాది. నీకు శిక్ష ఒకటే. మా ఇంటికొచ్చి ఆమెకు నీ నోటితో చెప్పాల. చెప్పి, కాఫీ తాగి పోవాల."

గంగులప్ప వెళ్లాడు. చెప్పాడు. వృత్తిలో మొదటిసారి నేతగాడి ఇంట్లో కాఫీ తాగాడు. టేపు అప్పటికే వంగి ఉంది కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు.

దేవకమ్మ ఇనుప టేపు కొనిచ్చింది. దాంతో సరిగ్గా కొలిచి పంపిన మొదటి మూటకే చంద్రమౌళి ఫోన్ చేశాడు. "ఏంది తల్లీ, కొలత తగ్గించినారే? నాలుగు వేళ్లు యాడ పోయినాయి? జనం అడుగుతా ఉండారు." ఇక దేవకమ్మకు గత్యంతరం లేకపోయింది. ఆ నాలుగు వేళ్లూ మళ్లీ నేయించింది. ఈసారి దానికి కూలి లెక్కకట్టి ఇవ్వవలసి వచ్చింది. నిలబడి లెక్క రాయించింది గంగులప్ప.

ఆ తరువాతి శనివారం అతను కోమలి స్కేలు సంచిలో పెట్టుకుని తిరుపతి వెళ్లాడు, రామచంద్రకు క్షమాపణ చెప్పడానికి. రామచంద్ర అతన్ని చూడగానే బయటికి లాక్కొచ్చాడు.

"సార్, మీకు దండం. తప్పు మాది కాదని ఇప్పుడు చెప్పకండి. ఎండల వల్ల పిండి ముడుసుకుంటా ఉండాదని నేను వివరణ రాసేసినా. కంపెనీ ఒప్పుకునింది. అంతా సరిచేసేసినారు."

గంగులప్ప పలక వైపు చూశాడు. 'పెద్దది, 12 అంగుళాలు*, రూ. 629' అని ఉంది. వంగి చూస్తే కింద చీమంత అక్షరాల్లో '*సుమారుగా' అని ఉంది.

సందులో కృపామణి అంగడి ముందు పదిమంది నిలబడి ఉన్నారు. గోడకు గాజు ఫ్రేములో తెల్ల మూత, దాని మీద ఊదా రంగులో 'సరి' ముద్ర. అది సర్కారు ముద్ర కాదని ఆమె వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉంది. ఎవరూ నమ్మడం లేదు. ధర మాత్రం మూడు వందలే. గంగులప్ప అరంగుళం లెక్క చెప్పి, ఐదింటికీ ఇంకా అరవై రెండున్నర రావాలని చేతిలో పెట్టబోతే, ఆమె పిండి చేతులతోనే దండం పెట్టి లోపలికి పారిపోయింది.

మీరెప్పుడైనా పిజ్జా పెట్టె మూత తెరిచి, ఈ ధరకు ఇంతేనా అని ఆలోచిస్తూ కూర్చుంటే, మొదటి ముక్క తీసేముందు వరదమ్మను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆమె ఇప్పటికీ ప్రతి శుక్రవారం టేపు ఉతుకుతూనే ఉంది. కొత్తది ఇనుపది కాబట్టి సాగడం లేదు, తుప్పు పడుతోంది.